పొడి పక్కకు పూర్తి మార్కులు

"ఒక్క గ్లాసు."

"సాయంత్రం వదినా. ఇవాళ ఒక్క పూట ఓర్చుకోండి."

"నిన్నా ఒక్క పూటే అన్నావు."

"నిన్న వేరు. ఇవాళ పరీక్ష."

"పరీక్ష నీకా, నాకా?"

మరదలు కొత్త దుప్పటి అంచు లాగి, అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు రుద్దింది. కుట్టుపని చేసే చెయ్యి, ముడత కనిపిస్తే ఊరుకోదు.

కండక్టరమ్మ నాలుకతో పెదవులు తడుపుకోబోయింది. నాలుకే అట్టముక్కలా ఉంటే అది దేన్ని తడుపుతుంది?

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. బస్సు దిగి ఇన్నేళ్ళయినా వీధి వీధంతా కండక్టరమ్మ అనే అంటుంది. నరాల జబ్బు ముందు కాళ్ళను పట్టింది, తర్వాత చేతులను. నోటి దాకా వచ్చి, ఆ నోరు చూసి భయపడి వెనక్కి పోయిందని ఆయా అంటుంది. మెడ తిప్పగలదు. తిట్టగలదు. గ్లాసు పట్టుకోవడమే చేతకాదు.

"పోయిన వారం డాక్టరు ఏమన్నాడు? జ్వరం నీళ్ళు లేకే అన్నాడా, లేదా?"

"అన్నారు."

"ఒంట్లోంచి వచ్చేది టీ రంగులో ఉందన్నాడా?"

"పొద్దున్నే ఆ మాటలెందుకు వదినా. ముందు గదిలో కస్టమర్ల గుడ్డలున్నాయి."

"గుడ్డలకి చెవులున్నాయా?"

"వాటి సొంతదార్లకి ముక్కులున్నాయి."

ఈ మాటకు మాత్రం కండక్టరమ్మ దగ్గర చిల్లర లేదు. ఒకావిడ కుట్టించుకున్న గౌను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయిన సంగతి ఆమెకు తెలుసు. తిట్టి ఉంటే మరదలు మరిచిపోయేది. ఆ మాట్లాడకపోవడమే ముల్లులా లోపల ఉండిపోయింది. అప్పటినుంచి ఈ ఇంట్లో తడి అంటే దొంగ జొరబడ్డంత భయం.

వంటగదిలోంచి, ఇళ్ళకు ఆయాలను పంపే కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో వాసన డబ్బా. మంచం చుట్టూ తిరుగుతూ బుస్సుబుస్సున కొట్టాడు. పాము బుసకొట్టినా కాస్త జాలిగా కొడుతుంది. కండక్టరమ్మ ఇతనికి 'అత్తరు' అని పేరు పెట్టి చాలాకాలమైంది.

"మేడమ్, అధికారి వీధి మొదట్లో ఉన్నారట. నవ్వుతూ ఉండండి. ఏమడిగినా 'బాగుంది' అనండి చాలు."

"నీళ్ళు ఇవ్వు, నవ్వుతా."

"నీళ్ళకేం మేడమ్, ఆవిడ వెళ్ళగానే జగ్గు జగ్గు తాగండి."

మార్కులు వేసే పద్ధతి ఇది. కంపెనీకి ఈ పని అప్పగించిన పెద్దాఫీసు నుంచి అధికారి వస్తుంది, పక్క మీద అరచెయ్యి పెడుతుంది. పొడిగా ఉంటే పూర్తి మార్కులు, తడిస్తే సేవ బాగాలేనట్టు. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడు ఒక్కరోజు కూడా మంచాన పడి ఉండడు. పక్క పొడిగా ఉంచడానికి రెండు దార్లు. తడిసినప్పుడల్లా మార్చడం ఒకటి. తడవడానికి ఒంట్లో ఏమీ లేకుండా చేయడం ఇంకొకటి. రెండోది సులువు. మార్కులు రెండింటికీ ఒకటే.

ఒంటికి వస్తే నడుము కింద బెడ్‌పాన్ పెట్టాలంటే ఇద్దరు ఎత్తాలి. కంపెనీ కాగితం మీద ఇద్దరు ఆయాలున్నారు. గుమ్మంలోంచి వచ్చేది ఒక్కతే. మరదలికి నడుము పట్టు, వంగలేదు. తమ్ముడైతే ఒక్కడే ఎత్తగలడు; గోడౌను పనికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పాన్. ఈ రెండింటి మధ్య కండక్టరమ్మ ఎండిపోవాలి. డైపరు పెట్టి చూశారు, వీపు కింద పుండ్లు లేచాయి.

"అక్కా."

తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. ఇవాళ సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పెళ్ళిచూపులకు కూర్చున్నవాడిలా.

"ఏరా."

"గొడవ చేయకు. మార్కులు పోతే వీళ్ళు మనిషిని పంపడం మానేస్తారు."

"పంపే ఒక్కత్తెనీనా?"

"ఆ ఒక్కత్తె కూడా లేకపోతే ఏం చేస్తాం చెప్పు. అప్పుడు..."

ఆగిపోయాడు.

"అప్పుడు? అనరా. స్టాపు వచ్చాక దిగక తప్పదు."

అతను చొక్కా గుండీ సర్దుకున్నాడు. ఊరి చివర అనాథల ఆశ్రమం ఒకటుంది. ఆ మాట ఈ ఇంట్లో ఇంకా ఎవరి నోటా రాలేదు. కానీ భోజనాల దగ్గర అందరి కంచాల మధ్యా అదీ ఒక కంచం వేసుకుని కూర్చుంటోంది.

 అత్తరు ఇంకోసారి బుస్సుమనిపించాడు.

"అధికారి వస్తే ఎదురెళ్ళాలి, రండి సార్" అని తమ్ముణ్ణి వీధిలోకి తీసుకుపోయాడు. మరదలు ముందు గది సర్దడానికి వెళ్ళింది. ఆయా ఒక్కతీ మిగిలింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. తడి లేకపోయినా తుడుచుకుంటోంది.

"ఏమే, నీకు నేనేం ద్రోహం చేశాను?" అంది కండక్టరమ్మ.

"అట్లా అనకండమ్మా."

"ఎట్లా అనాలి? పైరు ఎండబెట్టినట్టు నన్ను ఎండబెట్టావు. అడిగితే తడిగుడ్డ మూతికి రాసి సరిపెట్టావు. ఎవరు చెప్పారే నీకు?"

"పనివాళ్ళకి చెప్పేవాళ్ళకేం కరువమ్మా. పక్క తడిస్తే నాకు ఆదివారం సెలవు తీసేస్తారు. నా కూతురు హాస్టల్లో ఉంటుంది, ఆదివారమే చూడనిస్తారు."

"ఎవరు చెప్పారని అడుగుతున్నా. ఆ అత్తరు గాడేగా?"

ఆయా తల తిప్పుకుంది. "నా నోటితో చెప్పించకండి."

"నీకు దాహం అంటే ఏంటో తెలుసా అసలు?"

ఆయాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి.

"తెలుసమ్మా. పొద్దున ఇంట్లో తాగి బయల్దేరితే మళ్ళీ ఇంటికెళ్ళాకే నేను తాగేది. మీ ఇంట్లో మీ మరదలుగారు బాత్రూమ్‌కి పోనివ్వరు. మధ్యాహ్నం పోయే ఇంట్లో తాళమే వేస్తారు. తాగి ఎక్కడికి పోను, వీధిలోకా? మిమ్మల్ని ఒక్కరినే ఎండబెట్టానా? నేనూ ఎండుతున్నా."

కండక్టరమ్మకు పాత బస్టాండు గుర్తొచ్చింది.

బస్సులో చేరిన కొత్తల్లో ఆడ కండక్టర్లెవరూ డ్యూటీలో నీళ్ళు తాగేవాళ్ళు కాదు. ఏ బస్టాండులోనూ వాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఒకామె టికెట్లు కొడుతూ కొడుతూ స్పృహ తప్పి పడిపోతే, 'ఆడవాళ్ళు బలహీనులు' అని పెద్దలు తీర్మానించారు. ఆ రోజు తను బస్సు మెట్టు మీద కూర్చుంది. దొడ్డి కట్టిస్తారా, బస్సు ఇక్కడే పెట్టుకుంటారా అంది. వెనక వరసగా బస్సులు ఆగిపోయాయి. డ్రైవర్లు తిట్టారు, జనం తిట్టారు, ఆఖరికి ఇటుకలు దిగాయి.

గెలిచి ఇంటికొచ్చి పడుకున్నాననుకుంది. కాదు. ఆ గొడవ తనకంటే ముందే ఈ ఇంటికి వచ్చి కూర్చుంది. పక్కనే ఉన్న మనిషి దాహం తనకు కనిపించలేదు. సరే, ఏడవడానికి ఒంట్లో నీళ్ళు కూడా లేవు.

"ఇవాళ నేను నీళ్ళు అడుగుతా" అంది. "ఆ ఆఫీసరు ముందే. ఇస్తావా?"

"నా ఉద్యోగం పోతుందమ్మా."

"అందుకే అడుగుతున్నా. మోమాటం లేదు. ఇవ్వలేనంటే ఇప్పుడే చెప్పు."

ఆయా చెప్పేలోపే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

అధికారిణి చెడ్డమనిషేం కాదు. అలిసిపోయిన మనిషి. చేతిలో పలకలాంటి ఫోను, చంకలో సంచి. వచ్చిన నిమిషం నుంచే వెళ్ళాల్సిన ఇళ్ళ మీద ఉంది మనసు. గది చూసింది, కిటికీ చూసింది. మంచం మీది మనిషికి చిన్న నవ్వు నవ్వి, తమ్ముడి వైపు తిరిగింది.

"ఆవిడ వేళకి తింటున్నారా?"

"తింటోందండి."

"సిబ్బంది మర్యాదగా ఉంటున్నారా?"

"చాలా మర్యాదండి" అన్నాడు అత్తరు.

"ఆవిడ సంతోషంగా ఉన్నారా?"

"బంగారంలా ఉంటారు మేడమ్" అన్నాడు మళ్ళీ అత్తరే.

తన సంతోషం ఎలా ఉందో పరాయి మగవాడి నోట వినడం కండక్టరమ్మకు ఇదే మొదలు. 

అధికారిణి వంగి దుప్పటి మీద అరచెయ్యి ఆనించింది. నడుము దగ్గర, తొడల దగ్గర. మొహం విప్పారింది.

"చాలా పొడిగా ఉంది. వారమంతా తిరిగాను, ఇంత శుభ్రమైన పక్క చూడలేదు."

"ఆ చెయ్యి నా పెదవి మీద కూడా పెట్టి చూడు" అంది కండక్టరమ్మ.

ఆ గొంతు ఒకప్పుడు ముందు సీటు నుంచి వెనక సీటుకు వినపడ్డ గొంతు. అధికారిణి ఉలిక్కిపడింది.

"అదీ పొడే. దానికెన్ని మార్కులు?"

"మేడమ్‌కి కొంచెం మతిమరుపు..." అని అత్తరు మొదలుపెట్టాడు.

"నోర్ముయ్. మతి లేనిది కాళ్ళకి, నాక్కాదు. ఏమ్మా, నాకు దాహంగా ఉంది. నీళ్ళిప్పించు."

"దాందేముంది, ఇవ్వండి" అంది అధికారిణి చుట్టూ చూస్తూ.

ఎవరూ కదల్లేదు. గ్లాసు నీళ్ళు అడిగితే ఒక ఇల్లంతా ఇలా గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడడం ఆమె ఎక్కడా చూసి ఉండదు.

"డాక్టరు వద్దన్నారు" అన్నాడు అత్తరు.

"ఏ డాక్టరు? పేరు చెప్పు" అంది కండక్టరమ్మ.

చెప్పలేదు.

ఆయా కదిలింది. ఒకసారి అత్తరు వైపు చూసి, కుండలో ముంచినట్టు ధైర్యమంతా ముంచుకుని వంటగదిలోకి పోయింది. జగ్గు తెచ్చింది. కండక్టరమ్మ తల కింద చెయ్యి పెట్టి ఎత్తి, గ్లాసు ఆనించింది.

ఆమె తాగింది. గుటక గుటకకీ గొంతు కదులుతుంటే, అది కనిపిస్తుంటే, మరదలు కళ్ళు దించుకుంది. ఒక గ్లాసు. ఇంకొకటి. గడ్డం మీదుగా కారి కొత్త దుప్పటి మీద చుక్కలు పడ్డాయి.

"నువ్వు తాగు" అంది ఆయాతో.

"అమ్మా..."

"తాగు. ఇవాళ ఈ ఇంట్లో బాత్రూము తలుపు నీకు తెరిచే ఉంటుంది. అవునా మరదలా?"

 ఆయా జగ్గు ఎత్తి, ఆగకుండా, కళ్ళు మూసుకుని తాగింది.

"మరి నేను బయల్దేరతాను" అంది అధికారిణి.

"ఎక్కడికి? పరీక్షకు వచ్చావు కదా తల్లీ. అది ఇప్పుడే మొదలైంది. కూర్చో."

"ఇంకా ఇళ్ళున్నాయమ్మా."

"ఆ ఇళ్ళలోనూ పొడి పక్కలే ఉంటాయి. ఇక్కడ కూర్చుంటే అవెలా పొడిగా ఉంటున్నాయో తెలుస్తుంది. నీ ఇష్టం."

అధికారిణి వాచీ చూసుకుంది. తర్వాత సంచి చంకలోంచి తీసి కింద పెట్టి, కుర్చీ లాక్కుంది. అత్తరు ముఖం మీద పౌడరు ఉన్నచోట ఉంది, లేనిచోట చెమట పట్టింది.

ఎదురుచూపు. ముందు గదిలో మరదలు కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టింది, నాలుగు తొక్కులు తొక్కి మానేసింది. తమ్ముడు కిటికీ చువ్వలు పట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు. ఆయా బాత్రూమ్‌కి వెళ్ళొచ్చింది. మరదలు చూసింది, అడ్డుపడలేదు.

జ్వరం తెచ్చిన మంట కండక్టరమ్మకు ఇంకా తగ్గలేదు. నీళ్ళు పడేసరికి ఒంటికి తొందర పెట్టింది.

"పాన్" అంది.

తమ్ముడు గబుక్కున కదిలాడు.

"నువ్వాగు. ఈ వేళప్పుడు నువ్వు గోడౌనులో ఉంటావు. లేవు ఇక్కడ."

"అక్కా, ఉన్నానుగా."

"లేవన్నానా. ఆఫీసరమ్మ నీ సెలవుకి మార్కులు వేయడానికి రాలేదు. రోజూ ఎవరుంటారో వాళ్ళే ఎత్తాలి. రావే."

ఆయా పాన్ తెచ్చింది. ఒక చెయ్యి వీపు కింద పెట్టింది, ఇంకో చెయ్యి నడుము కింద పెట్టింది. పాన్ జరపడానికి మూడో చెయ్యి కావాలి. ఏ ఆయాకీ మూడో చెయ్యి దేవుడివ్వలేదు. పక్కకు దొర్లిస్తే కండక్టరమ్మ కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. మోకాలు మంచం మీద ఆనించి మళ్ళీ ఎత్తింది. మెడనరాలు ఉబ్బాయి.

"రెండో ఆవిడ ఏరి?" అంది అధికారిణి. "మా లెక్క ప్రకారం ఈ ఇంటికి ఇద్దరు ఉండాలి."

"ఇవాళే... సెలవు" అన్నాడు అత్తరు.

"ఆ మహాతల్లి ఎలా ఉంటుందో నాకూ చూడాలనుంది" అంది కండక్టరమ్మ. నవ్వబోయి ఆగింది.

పాన్ కింద పడి గణగణమంది. కొత్త దుప్పటి మీద మరక నెమ్మదిగా, ఎవరినీ లెక్కచేయకుండా పాకింది.

"తడిసింది!" అని కేకేసింది కండక్టరమ్మ. ఆఖరి స్టాపు వచ్చిందన్నట్టు వేసింది. సిగ్గు లేదా అంటే, ఉంది. చెవులు కాలిపోతున్నాయి. తమ్ముడి ముందు, పరాయి మగవాడి ముందు. అయినా గొంతు తగ్గించలేదు. సిగ్గుపడాల్సినవాళ్ళు గదిలో ఇంకా చాలామంది ఉన్నారు, ముందు వాళ్ళ వంతు కానీ అనుకుంది.

ఆయా పక్క మార్చడానికి గబగబా ఇంకో దుప్పటి అందుకుంది.

"నువ్వు ముట్టుకోకు" అన్నాడు అత్తరు. ఆ గొంతులో ఇప్పుడు సువాసన లేదు. "రేపటినుంచి రానక్కర్లేదు. సంచి తీసుకుని నడు."

"పక్క మార్చి పోతాను సార్."

"ముట్టుకోకన్నానా!"

"అవును, ముట్టుకోకు" అంది కండక్టరమ్మ. "ఎవరూ ముట్టుకోవద్దు. ఈ పిల్లని పనిలోంచి తీయనని నువ్వు ఈమె ముందు చెప్పు. రెండో మనిషి ఎప్పట్నుంచి వస్తుందో చెప్పు. అప్పటిదాకా నేనీ తడిలోనే ఉంటా. పొద్దుపోయినా ఇక్కడే, తెల్లారినా ఇక్కడే. చలేసి చస్తే కూడా ఈ దుప్పటి మీదే మోసుకెళ్ళండి. బస్సు కదలదు."

"వదినా, మీ కాళ్ళు పట్టుకుంటా. కస్టమర్లు వచ్చే వేళయింది" అంది మరదలు గుమ్మంలోంచి.

"రానీ. తలుపులు బార్లా తీసి పెట్టు."

అధికారిణి లేచింది. కానీ సంచి తీసుకోలేదు. అత్తరు వైపూ, ఆయా వైపూ, మార్చి మార్చి చూసింది.

"నాకు ఒక్కటి తెలియాలి. ఈవిడకి నీళ్ళు పట్టొద్దని చెప్పిందెవరు?"

"ఈ ఆయా సొంత తెలివి మేడమ్" అన్నాడు అత్తరు తడుముకోకుండా. "మా కంపెనీలో అలాంటి పద్ధతి లేదు."

"నువ్వేమంటావమ్మా?"

"పట్టనిది నేనే" అంది ఆయా. "చెప్పింది నేను కాదు." అంతే అని నేలచూపులు చూసింది.

"మరి ఇంకెవరు? వాడే!" అంది కండక్టరమ్మ. "పేరు పెట్టి చెప్పవే, భయమెందుకు? ఉద్యోగం ఎలాగూ తీసేశాడు. చెప్పు!"

ఆయా కింద పడ్డ పాన్ తీసి గోడకు ఆనించింది.

"నేను."

కిటికీ దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. తమ్ముడు ఇటు తిరగలేదు. చువ్వలు పట్టుకునే ఉన్నాడు.

"మొదటిరోజే ఈవిడ నన్ను అడిగింది. ఒక్కదాన్నే ఎత్తలేను, మధ్యలో నీళ్ళు పడితే తడుస్తుంది, ఏం చేయమంటారు సార్ అని. పొద్దునా సాయంత్రమూ చాలులే అన్నాను. ఎవరికీ చెప్పొద్దు అన్నాను. ఆవిడ చెప్పలేదు."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట మొగుడిదని ఆమెకూ తెలియదు.

కండక్టరమ్మ గొంతు ఎక్కడికి పోయిందో తెలియలేదు. జబ్బు కూడా తీసుకుపోలేని గొంతు. తడి చల్లబడి వీపుకు అంటుకుంటోంది. తను రాత్రి బస్సులెక్కి చదివించిన తమ్ముడు. పొద్దునా సాయంత్రమూ పాన్ పెట్టి, మొహం తిప్పుకుని, చేతులు కడుక్కుని, ఎలా ఉందక్కా అని అడిగే తమ్ముడు. అప్పుడు కూడా తెలుసన్నమాట వాడికి.

అత్తరు ముఖంలోకి ప్రాణం తిరిగొచ్చింది. "చూశారా మేడమ్, కుటుంబ నిర్ణయం. కంపెనీకేం సంబంధం? అదే రాసుకోండి."

అధికారిణి చేతిలో ఫోను ఉంది, వేలు ఆగి ఉంది. ఆమె అత్తరును చూడలేదు. మంచం మీది మనిషిని చూస్తోంది.

"అమ్మా, మీరు చెప్పండి. ఏం రాయమంటారు?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న తనను అడిగినవాళ్ళు లేరు. అడిగిన రోజున జవాబు తమ్ముడి మెడకు చుట్టుకుంటోంది. నిజం రాయమంటే వాడి పరువు పోతుంది. తప్పు ఆయాదే అంటే దాని కూడు పోతుంది. నోరు మూసుకుంటే అత్తరు తప్పించుకుంటాడు.

"ఆగు" అంది కండక్టరమ్మ. ఆ గొంతు ఎవరిదో అన్నట్టుంది. "ఇటు తిరగరా."

అతను తిరిగాడు.

"నాకు మళ్ళీ దాహమేస్తోంది. ఆయా వద్దు. నువ్వు పట్టు."

తమ్ముడు గ్లాసులోకి జగ్గు వంచాడు. సగం నీళ్ళు బయట పడ్డాయి. గ్లాసు తెచ్చి, అక్క తల కింద చెయ్యి పెట్టడం తెలియక తడబడి, ఎలాగో ఎత్తి, ఆమె పెదవికి ఆనించాడు.

 ఆమె వాడి కళ్ళలోకే చూస్తోంది. నీళ్ళకీ, జవాబుకీ ఇంకా నోరు తెరవలేదు.